ఎక్కడ పని? ఏమి పని?

పెళ్ళికి వెళ్ళినా, పేరంటానికి వెళ్ళినా, చదువు పూర్తయిన పిల్లలను గురించి మన పెద్దలు అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "మీ వాడు ఎక్కడ పని చేస్తున్నాడు?" మా పెరంబూరు వీధిలో అరవ ఇరుగుపొరుగువారూ అంతే. "ఎంగ వేలై?" అంటారు. ఊహ తెలిసిన నాటినుంచి ఈ ప్రశ్నను రెండు భాషలలోను వింటున్నాను. "ఏమి పని?" అనిగాని, "ఎన్న వేలై?" అనిగాని అడిగినవారిని వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. కంపెనీ పేరు చెప్పగానే "ఓహో!" అనటమో, "అలాగా..." అని ఊరుకోవటమో జరుగుతుంది. ఆపైన మాటలు వంటల మీదికి మళ్ళుతాయి.

ఈ రెండు ప్రశ్నల మధ్య మా అక్క కూతురు ఇరుక్కున్న సంగతి ఈ మాసం రాయదలచాను. ఇరుక్కున్నది ఆ పిల్ల. ఇరికించినవారిలో నేనూ ఒకణ్ణి. అందుచేత ఇందులో నా తప్పు ఒప్పుకోలు కూడా కొంత ఉన్నది. చదువరులు మన్నించాలి.

అమ్మాయి బి.కాం. చదివింది. దానితోపాటు కాస్ట్ అకౌంటెంట్ల పరీక్షలకు కట్టి ఇంటర్మీడియెట్ మెట్టు గట్టెక్కింది. చార్టర్డ్ అకౌంటెంటు అంటే మనలో అందరికీ తెలుసు. ఇది దానికి తోబుట్టువు. ఒక వస్తువు తయారు కావటానికి నిజంగా ఎంత ఖర్చయింది, డబ్బు ఎక్కడ కారిపోతున్నది అని పట్టుకునే విద్య. ఆ పరీక్షలు నడిపే సంస్థ 1944లో ఏర్పడింది; 1959లో పార్లమెంటు చేసిన చట్టంతో దానికి చట్టబద్ధమైన హోదా వచ్చింది. ఆఖరి పరీక్షకు కూర్చోవటానికి ముందు ఈ విద్యకు సంబంధించిన పనిలో 15 నెలల శిక్షణ పొంది ఉండాలి. ఈ 15 నెలల మాట గుర్తుంచుకోండి. కథంతా దాని చుట్టూ తిరుగుతుంది.

పోయిన వేసవిలో ఒకే వారంలో అమ్మాయికి రెండు ఉద్యోగాలు వచ్చాయి.

మొదటిది పాత మహాబలిపురం రోడ్డులో, అద్దాల మేడలో. ఆ కంపెనీ పేరు నేను రాయను గాని, దాని గుర్తును బడికిపోయే పిల్లలు కూడా పోల్చగలరు. ఏడాదికి 4 లక్షల 20 వేలు. పని ఏమిటంటే, వారి ద్వారా సరుకు అమ్ముకునేవారు పంపే ఫిర్యాదులకు కంప్యూటరులో జవాబులు రాయటం. వేళలు సాయంత్రం 6 గంటలనుంచి తెల్లవారుజామున 3 గంటల వరకు. ఇంటినుంచి తీసుకుపోవటానికి, దింపటానికి వారిదే కారు.

రెండవది అంబత్తూరు పారిశ్రామికవాడలో. మోటారు బళ్ళకు ఉక్కు రేకుతో చిన్న చిన్న భాగాలు నొక్కి తీసే కంపెనీ. మొత్తం 140 మంది. ఏడాదికి 2 లక్షల 76 వేలు. పని లెక్కల విభాగంలో: కొనుగోలు బిల్లులు, బ్యాంకు పద్దులు, జి.ఎస్.టి. లెక్కలు, వస్తువుకు అయ్యే ఖర్చు కట్టటం. ఆ కంపెనీ పేరు చెబితే మా వీధిలోనే కాదు, అంబత్తూరులో కూడా సగం మందికి తెలియదు.

మా అక్క రెండో ఉత్తరువు విప్పి చూడనే లేదు. మొదటిది వచ్చిన సాయంత్రమే పది ఇళ్ళకు చక్కెర పంచింది. నేనేమైనా తక్కువ తిన్నానా? మా ఆఫీసులో అందరికీ చెప్పి టీలు ఇప్పించాను. బావ నెమ్మదిమనిషి. "రెండేళ్ళలో నేను రిటైరవుతాను. ఇంటి అప్పు ఇంకా ఆరేళ్ళుంది," అని మాత్రం అన్నాడు. అంతకుమించి ఒక్క మాట లేదు, కాని ఆ మాట బరువు అందరికీ తెలిసింది. పైగా వేలూరునుంచి ఒక సంబంధం వచ్చి ఉన్నది. మన తెలుగువారే, మూడు తరాలుగా అక్కడ స్థిరపడ్డవారు. అమ్మాయికి ఫలానా కంపెనీలో పని దొరికిందని మధ్యవర్తి చేరవేయగానే, అంతవరకు వారానికొకసారి వచ్చే ఫోను రెండు రోజులకొకసారి రావటం మొదలుపెట్టింది.

ఇది కొత్త సంగతి కాదు. మా తాతగారికి పిల్లనిచ్చినప్పుడు "బిన్నీ మిల్లులో పని" అన్న ఒక్క మాట చాలిందట. మగ్గం దగ్గరా, గోదాములోనా అని మా అమ్మమ్మ వైపువారు అడగలేదు. పెరంబూరులో ఆ మిల్లు కూతకు ఇళ్ళు నిద్రలేచేవి. ఆనాటికి అది సరైన లెక్కే. తాతగారు ఆ జీతంతోనే ముగ్గురు పిల్లల పెళ్ళిళ్ళు చేసి, గౌరవంగా రిటైరయ్యారు. మిల్లు 1996లో మూతపడింది. "పేరుంటే బ్రతుకుంటుంది" అన్న నమ్మకం మాత్రం మా ఇంట్లో మూతపడలేదు.

ఆ ఆదివారం అందరం కూర్చున్నాము. నేను మేనమామ హోదాలో ఉపన్యాసం ఎత్తుకున్నాను. పెద్ద చెట్టు నీడ అన్నాను. ఆ పేరు ఒకసారి కాగితం మీద పడితే తరువాత ఎక్కడికి పోయినా తలుపు తెరుచుకుంటుందన్నాను. అమ్మాయి అంతా విని, ఎంతో మెల్లగా అడిగింది:

"మామయ్యా, నువ్వు ఆ పెద్ద కంపెనీలో పధ్నాలుగేళ్ళున్నావు కదా. అక్కడ ఏం పని నేర్చుకున్నావు?"

అందులో వెటకారం లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. నాకు జవాబు దొరకలేదు. కాఫీ చల్లారిపోతున్నదన్న మిషతో లేచి లోపలికి పోయాను.

ఆమెకు చెప్పలేకపోయిన జవాబు మీకు చెబుతాను. నేను మెట్రిక్యులేషన్ పాసై చదువు ఆపినవాణ్ణి. 1997లో నాకూ రెండు దారులు కనబడ్డాయి. ఒకటి పట్నంలో పేరుపొందిన ఒక పెద్ద కంపెనీలో టపా విభాగం. రెండవది జార్జి టౌనులో ఒక ఇనుప సామాన్ల కొట్టులో చిట్టా రాసే పని. నేను మొదటిదానికి పోయాను. నా స్నేహితుడు రెండవదానికి పోయాడు. నాకు మెడలో గుర్తింపు కార్డు, క్యాంటీనులో భోజనం, దీపావళికి బోనసు. వాడికి చేతుల నిండా తుప్పు, గల్లాపెట్టె పక్కన స్టూలు. ఒక ఏడాది మూడు నెలలు వాడికి జీతం సరిగా అందలేదు; ఆ సంగతి దాచను. ఇంటి అద్దెకు నా దగ్గరే చేబదులు తీసుకున్నాడు.

వచ్చిన ఉత్తరాలు ఒక పుస్తకంలో, పోయిన ఉత్తరాలు మరొక పుస్తకంలో ఎక్కించటం నా పని. ఈ-మెయిలు వచ్చాక ఉత్తరాలు సన్నగిల్లాయి. 2011లో మా విభాగాన్నే తీసివేశారు. చేతిలో కొంత సొమ్ము పెట్టి మర్యాదగానే పంపారు. ఆ తరువాత ఉద్యోగానికి తిరిగాను. నా ఉపన్యాసం సగం నిజమే. ఆ కంపెనీ పేరు చూసి లోపలికి పిలిచారు, కూర్చోమన్నారు. "సరేనండీ, మీకు ఏమి తెలుసు?" అన్నది రెండో ప్రశ్న. అక్కడ ఆగిపోయేవాణ్ణి. ఎనిమిది నెలలు అలాగే గడిచాయి.

ఇనుపకొట్టు స్నేహితుడు ఆపాటికి చిట్టా, ఆవర్జా, బ్యాంకు పని, అమ్మకపు పన్ను అన్నీ చేతితో చేసి నేర్చుకున్నాడు. ఈనాడు ఇరవై కొట్లకు జి.ఎస్.టి. లెక్కలు రాసిపెడుతున్నాడు. ఇప్పుడు నేను పనిచేస్తున్న లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో నాకు గుమాస్తా పని ఇప్పించింది వాడే. ఈ సంగతి మా అక్కకు తెలుసు, బావకు తెలుసు. ఇంట్లో ఎవ్వరమూ ఎత్తము, అంతే.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మరునాడు సాయంత్రం ఒక తెల్లకాగితం, పెన్సిలు పట్టుకుని అక్క ఇంటికి పోయాను. "ఉపన్యాసం వద్దు, లెక్క వేద్దాం" అన్నాను. అమ్మాయి, నేను, బావ కూర్చున్నాము. అక్క వంటింటి గుమ్మంలో నిలబడింది.

మొదట జీతం. ఈ కాలపు ఉత్తరువులలో కనబడే ఏడాది మొత్తం చేతికి వచ్చే డబ్బు కాదు. కంపెనీ కట్టే ప్రావిడెంట్ ఫండు, గ్రాట్యుటీ, వైద్య బీమా, పని బాగుంటే ఇస్తామనే ప్రోత్సాహకం అన్నీ అందులోనే కలిపి చూపుతారు. తీసివేతలు తీసివేస్తే పెద్ద కంపెనీలో నెలకు చేతికి వచ్చేది 26,500; చిన్నదానిలో 19,200. తేడా 7,300. పదిహేను నెలలకు 1,09,500 రూపాయలు. అమ్మాయి ఆ అంకె కింద రెండు గీతలు గీసి, "శిక్షణకు నేను కట్టే ఫీజు ఇదన్నమాట," అన్నది. బావ చాలాసేపు ఆ అంకెనే చూస్తూ కూర్చున్నాడు.

రెండవది, పెద్ద కంపెనీలో చేరి లోపలే లెక్కల విభాగానికి మారవచ్చునా అన్నది. అమ్మాయి దీన్ని ఊహకు వదలలేదు. వారికే రాసి అడిగింది. ఏడాదిన్నర తరువాత దరఖాస్తు పెట్టుకోవచ్చు, దొరుకుతుందని హామీ ఇవ్వలేము అని మర్యాదగా జవాబు వచ్చింది. ఏడాదిన్నర అంటే 18 నెలలు. 15 నెలల శిక్షణ ఆ తరువాతగాని మొదలు కాదు, అదీ దొరికితే.

మూడవది, చిన్న కంపెనీ నిలబడుతుందా అన్నది. నా స్నేహితుడి మూడు నెలల జీతం నా మనసులో మెదులుతూనే ఉన్నది. ఇక్కడ ఈ కాలపు పిల్లల తెలివి చూసి ఆశ్చర్యపోయాను. ప్రావిడెంట్ ఫండు వారి వెబ్‌సైటులో కంపెనీ పేరు కొడితే, ఏ నెల సొమ్ము ఎప్పుడు కట్టారో, ఎంతమందికి కట్టారో ఎవరైనా చూడవచ్చు. ప్రతి నెలా సొమ్ము మరుసటి నెల 15వ తేదీలోగా కట్టాలి. గత రెండేళ్ళ తేదీలు చూసింది. ఒక్క నెల కూడా దాటలేదు. కంపెనీల మంత్రిత్వశాఖవారి వెబ్‌సైటులో 100 రూపాయలు కడితే, కంపెనీ దాఖలు చేసిన జమాఖర్చుల పట్టీ కూడా చూడనిస్తారు. అదీ చూసింది. లాభం కొద్దిగానే ఉన్నది, కాని ఉన్నది; అప్పు ఏటేటా తగ్గుతున్నది. ఆఖరున ఆ ఫ్యాక్టరీ గేటు ఎదుట టీకొట్టు దగ్గర నేనే నిలబడి, బయటికి వచ్చిన ఒక పనివాణ్ణి అరవంలో పలకరించి, "జీతం ఏ తేదీకి వస్తుంది తంబీ?" అని అడిగాను. "అయిదో తేదీ దాటదు అణ్ణా," అన్నాడు. ఆ మాటకు జమాఖర్చుల పట్టీకన్న నాకు ఎక్కువ ధైర్యం వచ్చింది.

చిన్న కంపెనీ అయినందుకే ఇంత విచారించాము. పెద్దదాన్ని గురించి ఎవ్వరమూ ఏమీ విచారించలేదు. పేరు చూసి లెక్క చూడకపోవటం మన పట్నానికి కొత్త కాదు. 1906లో ఆర్బత్‌నాట్ కంపెనీ ఇక్కడ దివాలా తీసింది. దొరల కంపెనీ కదా అని నమ్మి డబ్బు దాచుకున్న వేలమంది నష్టపోయారు. ఆ దెబ్బ తరువాతనే 1907లో ఇండియన్ బ్యాంకు పుట్టింది. ఏ తప్పూ జరగకపోయినా పేర్లు నిలవవు. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో బందరులో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఆ బోర్డు దించిన రోజున మనలో ఎందరికో మనసు కలుక్కుమన్నది. కాని అక్కడ అప్పుల కాగితాలు చదవటం నేర్చినవారికి ఆ నేర్పు బోర్డుతోపాటు దిగిపోలేదు.

ఇంత రాశానని, పెద్ద కంపెనీ అంటే "పేరు గొప్ప, ఊరు దిబ్బ" అని నేను చెబుతున్నానని అనుకోకండి. అలా చెబితే అబద్ధమవుతుంది. నెల తిరిగేసరికి తప్పకుండా పడే జీతం, ఇంటిల్లిపాదికి వైద్య బీమా, బ్యాంకులో సులభంగా దొరికే అప్పు చిన్న విషయాలు కావు. ఆ పెద్ద కంపెనీలోనే లెక్కల విభాగంలో పని దొరికి ఉంటే ఈ కథే లేదు, కళ్ళకద్దుకుని చేరమనేవాణ్ణి. ఇంట్లో ఆ 7,300 లేకపోతే పొయ్యి వెలగదన్న పరిస్థితి ఉన్నా, ఎక్కువ జీతానికే పొమ్మనేవాణ్ణి. అందులో సిగ్గుపడవలసింది లేదు, చదువు రెండేళ్ళు ఆలస్యమైతే కొంప మునగదు. తానేమి కావాలో ఇంకా తెలియని పిల్లకైతే పెద్ద ఆవరణలో నాలుగు రకాల పనులు చూడటమే మంచిది. మా అమ్మాయికి తానేమి కావాలో తెలుసు. తెలిసినదాన్ని పట్టుకుని మేము మా గొప్పకోసం వేరే దారికి లాగుతున్నాము. నాకు తప్పుగా తోచినది అదొక్కటే.

కాగితం ముగించాక బావ, "ఆరేళ్ళ అప్పు ఏడేళ్ళలో తీరుతుంది. కానీ," అన్నాడు. అక్క ఏమీ అనకుండా లోపలికి పోయి గిన్నెలు కడగటం మొదలుపెట్టింది. ఆ చప్పుడులో అభిప్రాయం స్పష్టంగానే వినబడింది.

అమ్మాయి అంబత్తూరులో చేరి అయిదు నెలలు కావస్తున్నది. పెరంబూరులో రైలెక్కి పట్టరవాక్కంలో దిగుతుంది. మొదటి నెల బిల్లులు సర్దటమే సరిపోయింది. ఒకరోజు ఇంటికి వచ్చి ఏడ్చిందని కూడా విన్నాను. రెండో నెలనుంచి ఆమె నోట తేదీలు వినబడసాగాయి. 11వ తేదీలోగా అమ్మకాల లెక్క పంపాలి; 14న, సరుకిచ్చినవారు చూపిన బిల్లుల పట్టీ ప్రభుత్వం వారి వెబ్‌సైటులో తయారవుతుంది; 20లోగా పన్ను కట్టాలి. సరుకిచ్చినవాడు తన లెక్క పంపకపోతే, మనం కట్టిన పన్ను మనకు జమ కాదు. అందుకని 12వ తేదీనుంచి వారికీ వీరికీ ఫోన్లు చేసి బతిమాలటం ఆమె వంతు. "అమ్మ అప్పడాల చీటీ వసూలు చేసినట్టే మామయ్యా," అని నవ్వింది.

పోయిన నెల 20వ తేదీ రాత్రి బాగా ఆలస్యమైందని స్టేషనుకు ఎదురు వెళ్ళాను. రైలు దిగుతూనే చెప్పటం మొదలుపెట్టింది. వారు చేసే ఒక చిన్న రేకు బిళ్ళకు ఖర్చు కట్టే పట్టీలో, రేకు కత్తిరించగా మిగిలే తుక్కు బరువు పాత అచ్చు ప్రకారమే వేస్తున్నారట. అచ్చు మారి ఏడాదైనా పట్టీ మారలేదు. బిళ్ళకు ఆరు పైసలు తేడా. నెలకు రెండు లక్షల బిళ్ళలు. "ఎంతయింది చెప్పు మామయ్యా!" అన్నది. ప్లాట్‌ఫారం మీదనే నిలబడి వేళ్ళమీద గుణించాను. పన్నెండు వేలు. ఆమె జీతంలో సగానికి పైన! పై అధికారి ఆ పట్టీ తీసుకుని, "రేపు అచ్చుల విభాగానికి నాతో రా" అన్నాడట. అంతకు మించి మెచ్చుకోలు లేదు, జీతం పెరగలేదు. అయినా దారి పొడుగునా ఆ ఆరు పైసల సంగతే చెప్పింది. పధ్నాలుగేళ్ళలో నా టపా పుస్తకాన్ని గురించి నేను ఎవరికీ అలా చెప్పిన జ్ఞాపకం లేదు.

ఇక రెండో వైపు లెక్క కూడా రాయాలి. వేలూరు సంబంధం ఫోన్లు వారానికొకటయ్యాయి, తరువాత నెలకొకటయ్యాయి, ఇప్పుడు లేవు. వారు తప్పుగా ఏమీ మాట్లాడలేదు. జాతకంలో ఏదో తేడా వచ్చిందన్నారు. ఆ జాతకమే వేసవిలో బాగా కుదిరింది. దీన్ని గురించి అమ్మాయి ఏమనుకుంటున్నదో నాకు తెలియదు. నేను అడగలేదు, తను చెప్పలేదు. నా సలహావల్ల జరిగింది మంచా చెడా అని రాత్రిళ్ళు ఒక్కొక్కసారి అనుకుంటూనే ఉంటాను.

మా అక్క ఇంకా పూర్తిగా కరగలేదు. మొన్న ఒక సీమంతంలో ఎవరో "మీ అమ్మాయి ఎక్కడ పని చేస్తున్నది?" అని అడిగారు. కంపెనీ పేరు చెప్పటానికి అక్కకు నోరు రాలేదు. కాసేపు ఆగి, "కర్మాగారంలో ఖర్చుల లెక్కలు చూస్తుంది. ఆరు పైసల తప్పు పట్టుకున్నదట," అన్నది. అడిగినావిడకు ఏమీ బోధపడలేదు. పక్కన కూర్చున్న మరొక పెద్దావిడ మాత్రం, "ఆరు పైసలా? ఎలా పట్టుకున్నది?" అని కుర్చీ దగ్గరికి లాక్కున్నది.

అక్కకు జవాబు తెలియదు. ఆ సాయంత్రం నాకు ఫోను చేసి, "ఒరే, ఆ తుక్కు లెక్క ఏమిటో నాకు మళ్ళీ ఒకసారి చెప్పు," అన్నది. చాలా రోజుల తరువాత తానుగా చేసిన ఫోను. చెప్పాను.